ఇరవై మూడు తక్కువ

బడి గేటు దగ్గర అటెండరు పేర్లు చదువుతున్నాడు. పేరు వినపడ్డ పిల్ల లోపలికి పోతోంది, వినపడని పిల్ల రోడ్డు మీదే నిలబడి ఉంది. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు, మెడపట్టి గెంటలేదు. పేదవాళ్ల పిల్లను బడి నుంచి వెళ్లగొట్టాలంటే ఇప్పుడు చెయ్యెత్తే పని కూడా లేదు. ఒక పేరు చదవకుండా ఊరుకుంటే చాలు.

జూన్ నెల, బడులు తెరిచిన రోజు. నాచారంలో మేకలబండ బస్తీ పిల్లలంతా చదివే సర్కారు హైస్కూలు అది. మల్లవ్వ కంపెనీకి పోతూ పోతూ కూతురు గౌతమిని దింపడానికి వచ్చింది. గౌతమి ఈ ఏడు పదో తరగతి. పొట్టిదైపోయిన పాత యూనిఫాం అంచు విప్పి, కుట్టి, ఇస్త్రీ చేయించి మరీ తొడిగింది తల్లి.

అటెండరు కాగితం మడిచాడు.

"గదేంది? నా బిడ్డ పేరు చదవకపోతివి!" అంది మల్లవ్వ.

"లిస్టుల లేదమ్మా. లోపల పెద్ద మేడం ఉన్నది, పోయి అడుగు."

మల్లవ్వ చుట్టూ చూసింది. రోడ్డు మీద పదకొండు మంది మిగిలారు. పన్నెండేళ్లుగా మందు గోలీల కంపెనీలో ప్యాకింగ్ లైన్ మీద నిలబడ్డ మనిషి, కంటికి కనపడ్డదల్లా లెక్కపెట్టడం ఆమెకు అలవాటైపోయింది.

హెడ్మిస్ట్రెస్ పద్మశ్రీ మేడం చెడ్డ మనిషేం కాదు. కుర్చీ చూపించింది, మంచినీళ్లు తాగమంది. ఆ తర్వాత ఫైలు తీసి ముందు పెట్టింది.

"మేము ఎవ్వరినీ తీసెయ్యలేదు మల్లవ్వా. మీరే రాసిచ్చారు కదా. చూడు."

కాగితం తెలుగులోనే ఉంది. 'నా కుమార్తె రోజూ బడికి రాలేని పరిస్థితిలో ఉన్నందున, నా ఇష్టపూర్వకంగా ఆమెను ఓపెన్ స్కూలుకు మార్చవలసిందిగా కోరుతున్నాను.' కింద మల్లవ్వ సంతకం. మేడం ఇంకో కాగితం తిప్పింది, ఇంకోటి, ఇంకోటి. శాంతాబాయి కొడుకు జీవన్‌ది. త్రివేణిది. మొత్తం ఇరవై మూడు. అన్నిటి మీదా తల్లి వేలిముద్రో సంతకమో ఉంది. అన్నిటి కిందా 'సాక్షి' అన్న చోట మల్లవ్వ సంతకం ఉంది.

మల్లవ్వ కాగితాలు మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది. తన చేతితో తానే కూతురి పేరు కొట్టేసుకుంది. కూతురిది ఒక్కటే కాదు, బస్తీలో ఇరవై రెండు ఇళ్ల పిల్లల పేర్లు కూడా.

ఇదెట్లా జరిగిందో చెప్పాలంటే మార్చి నెలకు పోవాలి. వార్డు ఆఫీసులో ఉమాపతి అని ఒక అధికారి ఉన్నాడు. మెత్తటి మనిషి, అందరినీ 'అమ్మా' అంటాడు. ఏ బడిలోనూ ఏ పిల్లనూ టీసీ ఇచ్చి పంపకూడదని పైనుంచి ఆర్డరు వచ్చిందట. టీసీలు తగ్గించిన వార్డుకు షీల్డు ఇస్తారట. ఆఫీసు ముందు బ్యానరు కట్టాడు: 'ఒక్కరినీ వదలం!' మహిళా సంఘం లీడరు అని మల్లవ్వను పిలిపించాడు.

"వెనకబడ్డ పిల్లలకు స్పెషల్ క్లాసులు పెడుతున్నామమ్మా. తల్లుల సంతకాలు కావాలి. మీరైతే నాలుగు మాటలు చెప్పి తీసుకొస్తారు."

గౌతమి కూడా ఆ లిస్టులో ఉంది. తొమ్మిదిలో ముప్పై ఒక్క రోజులు బడికి పోలేదు ఆ పిల్ల. తల్లికి షిఫ్టు మారిన వారమల్లా, తుంటి విరిగి మంచాన పడ్డ నాయనమ్మకు ముద్ద పెట్టేది, గుడ్డలు మార్చేది ఆ పిల్లే. కంపెనీ షిఫ్టు మారిస్తే బడిలో హాజరు తగ్గింది. పదో తరగతిలో నూటికి నూరు పాస్ చూపించాలి, కాబట్టి అలాంటి పిల్లలు బడికి బరువు. టీసీ ఇస్తే వార్డుకు షీల్డు రాదు, ఉంచుకుంటే బడికి పేరు రాదు. ఉమాపతీ, పెద్ద మేడమూ కూర్చుని కనిపెట్టిన ఉపాయమే 'ఇష్టపూర్వకం'.

మల్లవ్వకు చదువు రాదా? వచ్చు. జనగామ దగ్గర ఊళ్లో అయిదు దాకా చదివింది. మరి ఎందుకు చదవలేదు? ఇది వినండి తమ్ముళ్లూ, ఎందుకంటే మీ చేతులూ ఇదే పని చేస్తున్నాయి.

కంపెనీలో ప్రతి బ్యాచ్‌కూ ఒక షీటు ఉంటుంది. సూపర్‌వైజరు గిరిధర్ ముందే పెన్సిల్‌తో టిక్కులు పెట్టి ఉంచుతాడు. టిక్కు పెట్టిన చోట ఆపరేటరు సంతకం పెట్టాలి. కొత్తలో మల్లవ్వ ఒకసారి కూడబలుక్కుని చదవబోయింది. "ఏం, కలెక్టరువా? లైన్ ఆగుతది, గీకు!" అన్నాడు. ఆ రోజు నుంచి ఆమె చెయ్యి టిక్కు కనిపిస్తే చాలు, కంటితో పని లేకుండా గీకుతుంది. ఉమాపతి ఇచ్చిన కాగితాల మీద కూడా పెన్సిల్ టిక్కులున్నాయి. ఆమె ఇల్లిల్లూ తిరిగి, "టిక్కు పెట్టిన కాడ పెట్టు అక్కా, పిల్లల మంచికే" అని చెప్పి మరీ పెట్టించింది. పన్నెండేళ్లు కంపెనీ నేర్పిన పనిని సర్కారు ఒక్క పూటలో వాడుకుంది.

ఆ సాయంత్రం బస్తీలో నల్లా దగ్గర ఆడవాళ్లు మల్లవ్వను చుట్టుముట్టారు. శాంతాబాయి అందరికంటే ముందు నిలబడింది. ఇద్దరిదీ ఒకే లైన్, పక్కపక్క స్టూళ్లు. పదేళ్ల స్నేహం.

"ఎంతిచ్చిండే నీకు ఉమాపతి?" అంది శాంతాబాయి.

"నా బిడ్డ మీద ఒట్టు, పైసా ముట్టలే."

"బిడ్డ మీదనే ఒట్టు పెడుతున్నవా? నీ బిడ్డ పేరు పోయింది గనక ఇయ్యాల ఒర్రుతున్నవ్. నా జీవన్ ఒక్కడిదే పోతే, స్పెషల్ క్లాసులని ఇంకా తిరుగుతుంటివి."

అది నిజమని మల్లవ్వకు తెలుసు. మనలో చాలామందికి మన ఇంటికి తగిలితే గానీ కళ్లు తెరుచుకోవు, ఆమె కూడా అంతే. మొగుడు బుచ్చిరాములు లేత్ మిషన్ దగ్గర్నుంచి అప్పుడే వచ్చి, ఆ తిట్లు విని తలొంచుకుని లోపలికి పోయాడు.

హరిత లేకపోతే ఆ రోజు జుట్లు పట్టుకునేవాళ్లే. హరిత యూనివర్సిటీలో చదువుతుంది, విద్యార్థి సంఘం మనిషి. సాయంత్రాలు బస్తీ పిల్లలకు లెక్కలు చెబుతుంది.

"ఓపెన్ స్కూలంటే రోజూ బడి ఉండదు, సారు ఉండడు. పరీక్ష ఒక్కటే ఉంటది. పిల్లలు ఇంట్ల కూసుంటరు, లేకుంటే పనికి పోతరు" అంది హరిత. "పోయి అడుగుదాం అక్కా. అయితే వట్టి చేతుల్తోని పోతే 'మీరే సంతకం పెట్టిన్రు' అంటరు. ఏం జవాబు చెప్తం?"

అప్పుడు మల్లవ్వ మెల్లగా అంది:

"టాలీ చేద్దాం."

లైన్ మీద పనిచేసేవాళ్లకు ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. లైన్‌లోకి వచ్చిన గోలీలు ఎన్ని, డబ్బాల్లోకి పోయినవి ఎన్ని, పగిలి ట్రేలో పడ్డవి ఎన్ని, అన్నీ కలవాలి. ఒక్క గోలి తేడా వచ్చినా లైన్ ఆపి, మిషన్ కిందా, స్టూలు కిందా, వేసుకున్న కోటు జేబుల్లోనూ వెతకాలి. కలవకపోతే షీటు మీద 'టాలీ కాలేదు' అని రాసి, ఎన్ని తక్కువో వేసి, సంతకం పెట్టాలి. అలా రాస్తే ఆ బ్యాచ్ గేటు దాటదు.

"పగిలిన గోలికి లెక్క ఉన్నది. మన పిల్లలకు లేదా?" అంది మల్లవ్వ. "పోయినేడు తొమ్మిదిల ఎనబై ఆరు మంది. పదిల అరవై మూడు మంది. తక్కువైనోళ్లు ఏడ ఉన్నరో ఒక్కొక్కళ్లను వెతుకుదాం. నేను తిరిగి పెట్టించిన సంతకాలు, నేనే తిరుగుత. మీరు ఉమ్మేసినా సరే, వస్త."

శాంతాబాయి బిందె ఎత్తుకుని, "నీ ఎంబడి నేనొస్త. నిన్నొక్కదాన్ని పంపి మళ్లా నమ్మల్నా?" అంది.

మరుసటి రోజు పొద్దున మొదలుపెట్టి ఆదివారం దాకా తిరిగారు. గౌతమి నోటుబుక్కులో రాసింది, పిల్లది ముత్యాల్లాంటి రాత. రోడ్డు మీద నిలబడ్డ పదకొండు మంది బస్తీలోనే ఉన్నారు. మిగతా పన్నెండు మందీ ఎండాకాలంలోనే పనులకు చెదిరిపోయారు. ఒకడు లాలాపేటలో బండ్ల మెకానిక్ దగ్గర చేరాడు. ఇద్దరు ఆడపిల్లలు మల్కాజిగిరి అపార్ట్‌మెంట్లలో అంట్లు తోముతున్నారు. నలుగురు ఫంక్షన్ హాళ్లలో వడ్డనకు పోతున్నారు, ఒకతి ఊళ్లో పత్తి చేన్లకు పోయింది. జీవన్‌తో కలిపి ముగ్గురు ఎక్కడ ఉన్నారనుకున్నారు? మల్లవ్వ పనిచేసే కంపెనీలోనే, వెనక షెడ్డులో అట్టడబ్బాలు మడుస్తున్నారు. కాంట్రాక్టరు ఆధార్ కార్డులో పుట్టిన సంవత్సరం మార్పించి పెట్టుకున్నాడు. శాంతాబాయి కొడుకు "హోటల్ల పని" అని తల్లికి అబద్ధం చెప్పి, రోజూ అదే గేటు గుండా ఆమెకంటే గంట ముందు పోతున్నాడు. వాడు మడిచిన డబ్బాల్లోనే ఆమె గోలీలు పేరుస్తోంది.

శాంతాబాయి షెడ్డు గుమ్మంలో నిలబడి కొడుకు చేతుల మీద అట్ట కోతలు చూసింది. తిట్టలేదు, ఏడవలేదు. "రాయి బిడ్డా, దొరికిండని రాయి" అంది గౌతమితో.

అలా ఇరవై రెండు కలిశాయి. త్రివేణి ఒక్కతి కలవలేదు. వాళ్ల గదికి తాళం ఉంది. తండ్రిని బిల్డింగు మేస్త్రి ఎక్కడికో పనికి తోలుకుపోయాడని ఒకరన్నారు, ఊరికి పోయారని ఇంకొకరన్నారు. ఫోను మోగదు. బడిలో అడిగితే 'ఓపెన్ స్కూలు' అని చూపించారు. ఓపెన్ స్కూలు వాళ్లనడిగితే ఆ పేరే తెలియదన్నారు. సర్కారు కాగితాల మధ్య నుంచి ఒక పిల్ల జారిపోయింది, ఎవరికీ చప్పుడు కూడా వినపడలేదు.

సోమవారం ఆ పుస్తకం పట్టుకుని వార్డు ఆఫీసుకు పోయారు. గోడ మీద బోర్డు ఉంది: 'ఈ ఏడాది తీసివేతలు: సున్నా'.

"సార్, మా లెక్కల ఇరవై మూడున్నయి" అంది మల్లవ్వ.

ఉమాపతి నవ్వాడు. "అవి తీసివేతలు కావమ్మా, మార్పులు. రెండింటికీ వేరే వేరే కాలమ్‌లు ఉంటాయి రిజిస్టర్లో."

"ఏ కాలమ్‌ల రాస్తే నా బిడ్డ బడికి పోతది సార్?"

"చూద్దాం. ఈ శనివారం షీల్డు ఫంక్షన్ అయిపోనివ్వండి. పైవాళ్లు వస్తున్నారు. వార్డు పరువు మన అందరిదీ కదమ్మా."

"మా పిల్లల్ని రోడ్డు మీద పడేసి పరువంటవా? థూ నీ పరువు పాడుగాను!" అని శాంతాబాయి అరిచింది. ఉమాపతి కళ్లజోడు తుడుచుకుంటూ బెల్లు కొట్టాడు.

శనివారం ఉప్పల్‌లో ఫంక్షన్. నాచారం నుంచి నడిచే పోయారు, పందొమ్మిది మంది ఆడవాళ్లు, పదిహేను మంది పిల్లలు, పక్కన హరిత. పిల్లలందరికీ యూనిఫాం తొడిగారు. ఆ రోజు ప్యాకింగ్ లైన్‌లో సగం స్టూళ్లు ఖాళీ. గిరిధర్ ఫోన్ల మీద ఫోన్లు చేశాడు, ఎవరూ ఎత్తలేదు. చిలకానగర్ దాటేసరికి ఎండ మాడు మీదికొచ్చింది. మెట్రో పిల్లర్ల నీడలో పిల్లలకు నీళ్లు తాగించి మళ్లీ నడిచారు. దారిలో ఆటోవాళ్లు "ఏమైందక్కా?" అని అడిగితే, "బడి దొంగల్ని పట్టనీకి పోతున్నం" అని చెప్పింది శాంతాబాయి.

హాల్లో స్టేజీ మీద అదే బ్యానరు: 'ఒక్కరినీ వదలం!' ఉమాపతి మెడలో శాలువా పడుతోంది, చప్పట్లు మోగుతున్నాయి. అప్పుడు పిల్లలు నడిమి దారిలో వరసగా నడిచి స్టేజీ ముందు కింద కూర్చున్నారు. హాలు సద్దుమణిగింది. మల్లవ్వ మైకు కోసం పోలేదు. కంపెనీలో మిషన్ల మోత మీద అరిచే గొంతు ఆమెది.

"వదలమన్న పిల్లలు వీళ్లే! ఇరవై మూడు తక్కువైనయి సార్లూ! బడి మార్పు కాగితాల మీద సంతకాలు నేనే పెట్టించిన, చదవకుండ పెట్టించిన, ఆ తప్పు నాది. మరి చదివి మమ్ముల ముంచినోళ్లది ఏం తప్పు? దానికి షీల్డా?"

గోల మొదలైంది. వెనక కుర్చీల్లోంచి ఎవరో చప్పట్లు కొట్టారు. పద్మశ్రీ మేడం లేచి నిలబడింది, ఏదో అనబోయి, మళ్లీ కూర్చుంది. స్టేజీ మీది పెద్దమనిషి చెయ్యి ఊపాడు. పోలీసులు ముందుగా హరితను ఈడ్చారు, తర్వాత ఆడవాళ్లను. గౌతమి తల్లి కొంగు పట్టుకుంది. కొంగు చిరిగింది.

ఠాణాలో హరితను వేరే గదిలో పెట్టి, పందొమ్మిది మందినీ హాల్లో కింద కూర్చోబెట్టారు. పిల్లల్ని గేటు బయటికి తోలారు. మూడింటికి ఉమాపతి వచ్చాడు, శాలువా లేదు. మల్లవ్వను పక్కకు పిలిచి కాగితం ఇచ్చాడు.

"అమ్మా, నీ మంచికి చెబుతున్నాను. ఇందులో సంతకం పెట్టు. నిన్నూ వీళ్లనూ ఇప్పుడే వదిలేస్తారు, కేసు ఉండదు. సోమవారం పొద్దున నీ గౌతమి పేరు పదో తరగతిలో పిలుస్తారు. మేడంతో మాట్లాడాను. ఇది నా మాట."

"మిగతా పిల్లలో?"

"ముందు నీ బిడ్డను చూసుకో."

కాగితం మీద పెన్సిల్ టిక్కు ఉంది. మల్లవ్వ చెయ్యి పెన్ను పట్టుకుంది. నిజం చెప్పాలి, ఆ చెయ్యి టిక్కు దాకా పోయింది. అంచు విప్పి కుట్టిన యూనిఫాం కళ్ల ముందు మెదిలింది. గౌతమికి బడంటే ప్రాణం. ఈ వారం రోజులుగా రోజూ పొద్దున్నే లేచి జడలు వేసుకుని, ఎటు పోవాలో తెలియక గడపలో కూర్చుంటోంది.

"జర ఆగు సార్, చదువుత" అంది మల్లవ్వ.

"చదవడానికేముందమ్మా..."

"లైన్ ఏం ఆగదు లే సార్."

కాగితం పట్టుకుని హాల్లోకి వచ్చి, అందరి మధ్యా నిలబడి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ గట్టిగా చదివింది. సమ్మతి పత్రాలన్నీ తల్లులు అర్థం చేసుకునే ఇచ్చారట. హరిత అనే విద్యార్థిని డబ్బు ఆశ చూపి రెచ్చగొట్టిందట. తెలియక చేసిన గొడవకు క్షమాపణట. కిందికొచ్చేసరికి మళ్లీ అదే మాట, 'ఇష్టపూర్వకంగా'.

"ఇది పెడితే నా బిడ్డ ఒక్కదాన్ని తీసుకుంటరట" అని దాచకుండా చెప్పింది.

పెట్టమని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. శాంతాబాయి మొహం పక్కకు తిప్పుకుంది.

మల్లవ్వ కింద కూర్చుని, కాగితం మోకాలి మీద పెట్టుకుని, టిక్కు ఉన్న చోటే రాసింది: 'టాలీ కాలేదు. ఇరవై మూడు తక్కువ.' దాని కింద సంతకం చేసింది. శాంతాబాయి తొంగి చూసింది, కళ్లు తుడుచుకుంది, "ఇటియ్యవే పెన్ను" అంది. కాగితం హాలంతా తిరిగింది. సంతకం వచ్చినవాళ్లు సంతకం, రానివాళ్లు ఠాణా ఇంకులోనే వేలు ముంచి ముద్ర. ఉమాపతి చేతికి తిరిగి వచ్చేసరికి కాగితం మీద ఖాళీ లేదు.

"బతకనేర్వనోళ్లు!" అన్నాడు ఎస్సై. ప్రభుత్వ కార్యక్రమానికి ఆటంకం అని కేసు రాశారు. కోర్టుకు తీసుకుపోవడానికి వ్యాను తెచ్చారు. ఉద్యోగంలోంచి తీసేశామని గిరిధర్ మల్లవ్వ ఫోనుకు మెసేజీ పెట్టాడు.

గేటు దగ్గర పిల్లలు అలాగే నిలబడి ఉన్నారు. వ్యాను జాలీ పట్టుకుని మల్లవ్వ పిలిచింది.

"బిడ్డా, సోమవారం నీ పేరొక్కటే పిలుస్తమన్నరు. నేను వద్దన్న."

గౌతమి మొహం తిప్పుకుంది. పదిహేనేళ్ల పిల్ల, ఆ ఒక్క పేరు కోసం వారం రోజులు గడపలో కూర్చున్న పిల్ల, తల్లిని ఎట్లా చూస్తుంది? తప్పు చేశానా అనుకుంది మల్లవ్వ. వ్యాను ఇంజను మొదలైంది.

అప్పుడు గౌతమి బ్యాగులోంచి నోటుబుక్కు తీసింది. తల్లి వైపు చూడలేదు. ఠాణా గేటుకు ఎదురుగా నిలబడి, బడిలో చదివినట్టే, గట్టిగా పేర్లు చదవడం మొదలుపెట్టింది.

"జీవన్!"

"ఉన్న!"

"సాయి ప్రియ!"

"ఉన్న!"

పిల్లలు పలుకుతున్నారు. పనుల్లోంచి రాలేకపోయిన పిల్లలకు వ్యానులోంచి తల్లులు పలుకుతున్నారు. ఠాణా ముందు జనం ఆగారు, టీ కొట్టువాడు గ్లాసు పట్టుకుని బయటికొచ్చాడు. కానిస్టేబులు "నడువున్రి, నడువున్రి" అంటున్నాడు గానీ అతని గొంతు ఎవరికీ వినపడలేదు.

"త్రివేణి!"

ఎవరూ పలకలేదు.

"త్రివేణి!" అంది గౌతమి మళ్లీ.

వ్యాను కదిలింది. మల్లవ్వ జాలీకి మొహం ఆనించి, మిషన్ల మోత మీద అరిచినట్టు అరిచింది:

"తక్కువ! రాసుకో బిడ్డా, తక్కువ!"

గౌతమి తలెత్తి తల్లిని చూసింది. పెన్ను తీసి రాసుకుంది. తర్వాతి పేరు చదివింది.